నాలుగు రాత్రుల కాపలా

దావూద్‌కు ఆ పిల్ల మీద మొదటి నుంచీ అనుమానమే.

జైబూన్‌కు ఎనిమిదేళ్ళు. కొండ కింద కరీముల్లా బాబా నడిపే చిన్న బడిలోనే ఉంటోంది. ఒక్కచోట కుదురుగా కూర్చోదు. ఎవరైనా తన పలక ముట్టుకుంటే చాలు, ఇల్లు పీకి పందిరేస్తుంది. రాత్రి అందరూ పడుకున్నాక దొర్లుతుంది, లేస్తుంది, మళ్ళీ దొర్లుతుంది. పిల్లల బాగోగులు చూసేది బాబా శిష్యుడైన దావూదే.

"అంతా నటన బాబా," అన్నాడు ఓ రోజు. "పగలు ఎక్కడో నక్కి నిద్రపోతోంది. రాత్రి మమ్మల్ని ఏడిపిస్తోంది. పడుకోమంటే నా మాటంటే లెక్కే లేదు. పంపించేద్దాం."

ఇప్పటికే రెండు బడుల్లో ఆ పిల్లను వద్దు పొమ్మన్నారు. ఇక్కడా కాదంటే ఇంకెక్కడికీ తీసుకెళ్ళలేనని వాళ్ళ నానమ్మ ఏడ్చింది కూడా.

"శుక్రవారం వాళ్ళ నానమ్మ వస్తుంది," అన్నాడు బాబా. "ఆలోగా రుజువు చూపించు. తీసుకెళ్ళమందాం."

దావూద్ నాలుగు రాత్రులు కంటి మీద కునుకు లేకుండా తలుపు సందులోంచి కాపలా కాశాడు. పగలంతా వెనకాలే తిరిగాడు. ఆ పిల్ల లేచి మంచినీళ్ళు తాగితే, అదిగో అనుకున్నాడు. గులకరాళ్ళు వరుసగా పేర్చుకుంటుంటే ఏదో ఎత్తు వేస్తోందనుకున్నాడు. పగటి నిద్ర మాత్రం పట్టుబడలేదు. ఎంత గడుసుదో అనుకున్నాడే గానీ, పాపం, తన అనుమానం మీద తనకు అనుమానం రాలేదు!

శుక్రవారం గంజి వడ్డిస్తుంటే ఎవరి చెయ్యో తగిలి అతని లుంగీ మీద రెండు చుక్కలు పడ్డాయి. అంతే. గరిటె గోడకేసి కొట్టాడు. నోటికొచ్చినట్టు అరిచాడు. పిల్లలు బిక్కచచ్చిపోయారు. చివరికి అతనికే ఏడుపొచ్చింది. ఎందుకో తెలియలేదు.

బాబా వరండాలో చాప పరిచాడు.

"పడుకో నాయనా."

దావూద్ పడుకున్నాడు. కళ్ళు మండుతున్నాయి. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు.

"ఇంకా నిద్రపోలేదేం?" అన్నాడు బాబా.

"రావడం లేదు బాబా."

"పడుకోమని నేను చెప్పినా?"



అప్పటికే నానమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పక్కనే, ఇక్కడా వద్దంటారని బట్టల మూట పట్టుకుని జైబూన్. దావూద్ లేచి వెళ్ళాడు. ఆ మూట తీసి లోపల పెట్టాడు. వచ్చి, ఆ పిల్ల ముందు గొంతుకూర్చున్నాడు.

"అమ్మా, నిద్ర రానప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగాడు.