రాజుగారికి కాలు పెట్టే చోటు

దగ్గరికి జరగండర్రా, కూర్చోండి. వెనకనున్న వాళ్ళకీ వినబడాలి.

ఒకానొక రాజ్యంలో గజపాలుడనే రాజు ఉండేవాడు. కుమ్మరి సాలమ్మ ఆయన కొడుకు పెళ్ళికి వెయ్యి కుండలు చేసిచ్చింది. ఒక్కటీ పగల్లేదు. రాజు పొంగిపోయి, "ఏటి పక్క బంకమట్టి పొలం నీదే పో!" అని నిండు సభలో మాటిచ్చేశాడు.

తీరా అంత మంచి మట్టి రాజ్యంలో మరెక్కడా లేదని తెలిశాక ఆయనకు దిగులు పట్టుకుంది. మాట తప్పితే పరువు పోతుంది. ఇచ్చేస్తే పొలం పోతుంది.

"నేనున్నానుగా ప్రభూ!" అన్నాడు ఆస్థాన పండితుడు మార్తాండశర్మ. రాగిరేకు మీద శాసనం చెక్కించాడు: 'పొలంలో పదింట తొమ్మిది వంతులు సాలమ్మవి. మిగిలినదాంట్లో పదింట తొమ్మిది సాలమ్మవి. ఆపైన మిగిలినదాంట్లోనూ అంతే. ఇలా ఎక్కడా ఆగకుండా వచ్చే వంతులన్నీ ఈ క్షణం నుంచే సాలమ్మవి.'

"ఎప్పుడూ కాస్త మిగులుతూనే ఉంటుంది ప్రభూ," అని మీసం దువ్వాడు.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటుంది. పూర్తికాని దానాన్ని రాజు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పూర్తయిన దానంలో మాత్రం రాజు కాలు పెట్టకూడదు.

మర్నాడే రాజు మందీమార్బలంతో పొలంలో దిగాడు. దానం పూర్తికాలేదు కాబట్టి పొలం వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఈ మట్టి పోతే సాలమ్మ కుండలు చేసే సారె ఆగుతుంది, పొయ్యి ఆరుతుంది. అయినా రేకు చదివించుకుని విన్నది. రెండోసారి కూడా చదివించుకుంది. అప్పుడు నవ్వింది.

"అయ్యగారూ, రాజుగారికి మిగిలిన నేల ఎక్కడుందో అక్కడ ఒక మేకు పాతండి. నేను మారుమాటాడకుండా పోతాను."

"ఓసి పిచ్చిదానా, ఇంతేనా!" శర్మ తూర్పు హద్దుకు బెత్తెడు ఇవతల మేకు దిగ్గొట్టాడు.

"పడమటి హద్దు నుంచి తూర్పు హద్దుకు పొలం పొడుగు నూరు బారలు. మొదటి విడతకు పది బారలు మిగిలాయి, రెండో విడతకు ఒక బార, మూడోదానికి జానెడులోపు, నాలుగోదానికి వేలి మందం. మీ మేకు నా నాలుగో విడతలో ఉంది. పీకండి!"

శర్మ హద్దుకు బియ్యపుగింజంత దూరంలో సూది గుచ్చాడు.

"అయిదో విడత."

"వెంట్రుకవాసి దూరంలో!"

"ఏడో విడత. ఇంకా సన్నగా చెప్పండి. మీరెంత చెప్పినా, దాన్ని మింగే విడత నా దగ్గర ఉంటుంది."

"ఏ విడతకైనా కాస్త మిగులుతుంది కదే!" అని అరిచాడు శర్మ.

"ఆగితే మిగులుతుందయ్యా. ఎక్కడా ఆగకుండా అన్నీ ఇచ్చానని రాసింది తమరే. మిగిలిందంటే ఎంతో కొంత ఉండాలిగా? ఎంతో చెప్పండి మరి."

శర్మ సూది పీకేసుకున్నాడు.

రాజు ఆ హద్దుకేసి చూస్తూ ఉండిపోయాడు. ప్రతి వంతూ ముందుదానికన్నా చిన్నది. వాటికి చివరన్నదే లేదు. అయినా అవన్నీ కలిస్తే పొలం నిండిపోయింది, గోరంత సందు లేకుండా!

"అయితే... ఇది మొత్తం పొలమేనన్నమాట," అన్నాడు మెల్లగా.

"మొత్తమే దొరా. మరి తమరి కాళ్ళు ఎవరి నేల మీదున్నాయి?"

రాజు ఉలిక్కిపడ్డాడు. "హద్దు గీత మీద నిలబడనా?"

"గీతకు వెడల్పుండదు ప్రభూ. తమరి పాదానికుంది!"

రాజు పకపకా నవ్వాడు. చెప్పులు చేతబట్టుకుని, పంచె ఎగ్గట్టి ఏట్లోకి దిగిపోయాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడే తన శాలువా సాలమ్మకు కప్పించాడు, ఆమెను రాజ్యంలో భూములు కొలిచేవాళ్ళకు పెద్దను చేశాడు. కొత్త రేకు మీద ఒకే మాట చెక్కించాడు: 'మొత్తం.'

పలక మీద సున్నా వేసి, చుక్క పెట్టి, తొమ్మిదులు ఎక్కడా ఆగకుండా ఉన్నాయనుకోండి. ఒక్కో తొమ్మిదీ ఒక్కో విడత, అది సాలమ్మ పొలమే. ఒకటికి దగ్గర కాదర్రా, ఒకటే!

ఇక లేవండి. అమ్మలు కేకలేస్తున్నారు, పోయి అన్నాలు తినండి. పదింట తొమ్మిది మెతుకులు తిన్నామని మాత్రం లేచిపోకండి!