పెద్దలకు తెలిసిన భాష

దెలిన్‌కి పూజామంత్రం మొత్తం నోటికి వచ్చేసింది. మూడు నెలలు పట్టింది. అంత పట్టుదలకి కారణం ఉంది. ఆ చలికాలమే వాళ్లమ్మ పోయింది. క్షమించమని ఆవిడని అడగాలి.

ఒక సంగతి తెలిస్తే గాని ఈ కథ అందదు. దెలిన్‌ది చైనాకి ఈశాన్యాన ఒక నది ఒడ్డు పల్లె. వాళ్లు మంచూలు. చైనాని రెండున్నర శతాబ్దాలకు పైగా ఏలిన చక్రవర్తులు వాళ్ల జాతివాళ్లే. ఆ రోజుల్లో రాజాజ్ఞలు, యుద్ధం కబుర్లు, సరిహద్దు ఒప్పందాలు మంచూ భాషలో రాసేవారు. రాజ్యం పోకముందు నుంచే ఇళ్లలో ఆ భాష పోతూ వచ్చింది. ఏలినవాళ్లే మెల్లగా చైనీసులోకి మారిపోయారు. ఇక ఆ పల్లెలో మంచూ మిగిలింది ముసలివాళ్ల నోట్లో, పెద్దల పూజలో. చనిపోయిన పెద్దలకి ఇంకో భాష తెలియదని వాళ్ల నమ్మకం.

దెలిన్ మంత్రాన్ని చైనీసు అక్షరాల్లో రాసుకుని వల్లె వేశాడు. అర్థం తెలియని సంస్కృత శ్లోకాన్ని మనం తెలుగులో రాసుకుని చదువుకోమూ, అలాగ.

పూజ రోజు పొద్దున్నే పడమటి గోడకి, చనిపోయిన పెద్దలు వచ్చి కొలువుంటారనుకునే చెక్క పలక కట్టారు. దాని ముందు వరిగ పిండి ఉండలు పెట్టారు. మంత్రం నేర్పిన ముసలి గురువు సెంగె నడుముకి ఇనుప గంటలు కట్టుకుని డప్పు వాయించాడు. దెలిన్ ఒక్క అక్షరం పోకుండా మంత్రం చదివాడు.

“ఎలా ఉంది, మఫా?” అన్నాడు. మఫా అంటే వాళ్ల మాటలో తాత.

“పంజరంలో గోరింక కూడా ఇంత శుభ్రంగా చెప్పదురా. ఇంతకీ మీ అమ్మని ఏమడిగావు?”

“మంత్రంలో ఉంది కదండీ.”

“మంత్రంలో ఉన్నది, ఈ ఏడు పంది బాగా బలిసింది, ఆరగించండి అని.”

దెలిన్ మొహం మాడిపోయింది. పలక వైపు తిరిగాడు. “ఎనియే” అన్నాడు. అమ్మా అని. ఆ తరవాత ఏమనాలో ఆ భాషలో తెలియక సెంగె వైపు తిరిగాడు.

“మఫా, అమ్మ ఓసారి పట్నంలో బడి దగ్గరికి వచ్చి, నలుగురిలో నన్ను మంచూలో పిలిచింది. పనిమనిషి అని చెప్పాను తోటివాళ్లకి. ఆవిడ పక్కనే ఉంది. తప్పైపోయిందని మంచూలో ఎలా అనాలి? మీరు చెప్పండి, మీ వెనకే అంటాను.”

సెంగె చెప్పలేదు. నడుముకున్న గంటలు విప్పాడు. డప్పు గోడకి ఆనించాడు. వచ్చి దెలిన్ పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

“నీకు వచ్చిన మాటలోనే చెప్పు.”

“చైనీసులోనా? ఆవిడకి అర్థం కావొద్దూ?”

“ఇంట్లో ఆవిడ మంచూలో మాట్లాడితే నువ్వేం చేసేవాడివి?”

“సగం తెలిసేది కాదు. ఊ కొట్టి, చైనీసులో ఏదో ఒకటి అనేవాణ్ణి.”

“అర్థం కాలేదని ఎప్పుడైనా అందా?”

దెలిన్ తల అడ్డంగా ఊపాడు.

“చెప్పు మరి,” అన్నాడు సెంగె. “అర్థం చేసుకోవడం ఎప్పుడూ ఆవిడ వంతే కదా.”