రాజుగారి భోజనంపై పరిశోధన

దక్షిణాన కొండల నడుమ ఒకానొకప్పుడు మణిగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే గంభీరవర్మ మహారాజుకు శాస్త్రపరిశోధన అంటే మహా మోజు. పండితులు వాదించుకుంటూ ఉంటే, అదంతా తన మేధస్సే అన్నట్టు మీసం సవరించుకుంటూ తల పంకించేవాడు.

ఆ ఏడు ముగ్గురు పండితులకు ఒకే ప్రశ్న అప్పగించాడు. గుండె జబ్బుతో బాధపడే గర్భిణులకు ఏ మూలిక ఇవ్వాలి? జబ్బు సంగతి రాజవైద్యుడు మాధవాచార్యులు తేల్చాలి. మందు సంగతి మూలికల పండితుడు ఎల్లనార్యుడు తేల్చాలి. దొరికే కొద్దిపాటి మూలిక ఎవరికి ముందు ఇవ్వడం న్యాయమో ధర్మార్థ శాస్త్రం చదివిన నరహరి తేల్చాలి.

"ముగ్గురూ ఒక్క మాట మీదికి వచ్చేదాకా మూలికల తోటలోంచి ఆకు కదలకూడదు. పండితులు సభ విడిచి రోగుల ఇళ్ల చుట్టూ తిరగకూడదు. ఏకాగ్రత చెడుతుంది" అని రాజాజ్ఞ.

వానలు వచ్చి వెళ్లాయి. చలి మొదలైంది. వాదన మాత్రం తెగలేదు.

ఆ ఆస్థానంలో పేరిభట్టు అనే చమత్కారి ఉన్నాడు. అతను నోరు విప్పితే సభంతా నవ్వేది. ఈమధ్య అతనికే నవ్వు రావడం లేదు. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు గౌరాంబకు ఒకటే ఆయాసం. పడుకుంటే ఊపిరాడదని గోడకు చేరగిలబడి కునుకు తీసేది.

"నాన్నా, వైద్యులుగారు ఇవాళైనా వస్తారా?" అని అడిగింది ఆ ఉదయం.

"వస్తారమ్మా" అన్నాడు. రోజూ ఆ మాటే చెప్పి చెప్పి అతని గొంతు అరిగిపోయింది.

రాజును అతను ముందే బతిమాలాడు, ఏడ్చాడు కూడా. "శాస్త్రానికి కన్నీళ్లు పనికిరావు" అని రాజు తోసిపుచ్చాడు. అందుకే ఈసారి పొగడడానికి దిగాడు.

"మహాప్రభూ! ఇంత గొప్ప నియమాన్ని గర్భిణుల మందుకే పరిమితం చేశారేమిటి? మనిషి నోట్లోకి వెళ్లేది ఏదైనా మూడు శాస్త్రాలూ ఒప్పుకున్నాకే వెళ్లాలి కదా! ఈ ఆలోచన పొరుగు రాజులకు వస్తే కీర్తి వాళ్లకు పోతుంది."

రాజు ఉబ్బిపోయాడు. "ఈ క్షణం నుంచి కోటలో ఎవరు ఏది తినాలన్నా ముగ్గురు పండితులూ ఏకమై ఒప్పుకోవాలి. మాతో సహా!" అని ఊరంతా చాటింపు వేయించాడు.

మధ్యాహ్నం వెండి పళ్లెంలో భోజనం వచ్చింది. రాజు గోంగూర పచ్చడితో ముద్ద కలిపాడు.

"ప్రభువులు ఆగాలి" అన్నాడు పేరిభట్టు నీరసంగా. "పండితులు ఇంకా తేల్చలేదు."

"గోంగూర వేడి చేస్తుంది. ఏ నేలలో పండిందో చూడాలి" అన్నాడు ఎల్లనార్యుడు.

"దేశంలో పస్తులున్నవాళ్లు ఉండగా మొదటి ముద్ద ఎవరికి చెందాలి?" అని అందుకున్నాడు నరహరి.

మాధవాచార్యులు పేరిభట్టు ముఖంలోకి చూశాడు. అతని ఎత్తు ఆచార్యులకు అర్థమైంది. "నిండు భోజనం గుండె మీద వేసే భారాన్ని గురించి పూర్వులకు భిన్నాభిప్రాయాలున్నాయి" అంటూ తీరిగ్గా మొదలుపెట్టాడు.

అన్నం చల్లారింది. మజ్జిగ మీదా వాదన లేచింది. తినేద్దామంటే, బయట చాటింపు డప్పు ఇంకా వినిపిస్తోంది. రాజుకు పరువు అడ్డం వచ్చింది.

పొద్దు వాలేసరికి ఆయన సింహాసనంలో జారిపోయాడు. "పేరిభట్టూ, కళ్లు తిరుగుతున్నాయి. గుండె దడగా ఉంది. ఆచార్యులవారిని వచ్చి నాడి చూడమను!"

"ఏకాగ్రత చెడుతుంది ప్రభూ."

పేరిభట్టు గొంతులో వెటకారం లేదు, అలసటే ఉంది. "ఒక్క పూటకే ఏలినవారికి ఇలా ఉంది. నా కూతురు వానాకాలం నుంచి ఎదురుచూస్తోంది. ఆమె ఊపిరి రెండు ప్రాణాలకు చాలాలి."

రాజు తన వేళ్లకు అంటుకుని ఎండిపోయిన మెతుకుల వైపు చూసుకున్నాడు. మెల్లగా నవ్వడం మొదలుపెట్టి, ఆయాసం వచ్చేదాకా నవ్వాడు. "నా నోటితోనే నా నోరు కట్టించావు గదయ్యా! ఆచార్యులవారూ, నా పల్లకి ఎక్కి ముందు వాళ్లింటికి వెళ్లండి. ఆజ్ఞలు రెండూ రద్దు!"

మాధవాచార్యులు గౌరాంబ నాడి చూశాడు, ఉబ్బిన పాదాలు నొక్కి చూశాడు. "ఈ మూలిక కడుపులో బిడ్డకు పడుతుందో లేదో మాకింకా సందేహమే. ఇప్పుడు వద్దు" అన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు, బిందె ముట్టుకోవద్దన్నాడు, మంచం దిగనివ్వలేదు. రోజూ వచ్చి చూసి వెళ్లేవాడు. కాన్పు కష్టమే అయింది కానీ తల్లీబిడ్డా దక్కారు.

బారసాల మర్నాడు రాజు పేరిభట్టును సభకు పిలిపించి, "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"కొన్నాళ్లు నన్ను ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే చాలు ప్రభూ."

రాజు పకపకా నవ్వి, పట్టుశాలువా తెప్పించి, స్వయంగా కప్పడానికి దిగివచ్చాడు. అప్పటికే పేరిభట్టు స్తంభానికి ఆనుకుని గురక పెడుతున్నాడు. రాజు శాలువా అలాగే అతని మీద కప్పి, పెదవులపై వేలుంచుకున్నాడు.

ఆ పూట పండితులు గొంతు తగ్గించి వాదించుకున్నారు.