కర్ర ముందు, కాలు వెనక

ఊబికి ఈవల ఒకావిడ ఉండేది. బాటసారులను ఆవలి గట్టుకు దాటించడం ఆమె పని. ఊబి నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. అందుకని పొద్దున్నే లేచి, చేతికర్రతో అడుగడుగునా పొడిచి, ఆనాటికి గట్టి నేల ఎక్కడుందో చూసుకునేది. "కర్ర ముందు, కాలు వెనక, నాయనా" అంటూ జనాన్ని వెంట నడిపించేది. ఆమె చేతిలో ఒక్క ప్రాణమూ పోలేదు.

ఆమె దగ్గరికి మనుషులను పంపేది కూడలిలో అరుగు మీద కూర్చునే పెద్దాయన. ఏది అడిగినా ఊరికే చెబుతాడు. ఆయన మాటంటే జనానికి వేదవాక్కు. దాటించేవాళ్లు ఇంకో పదిమంది ఉన్నా, ఆయన ఎవరి పేరు ముందు చెబితే వాళ్ల గుమ్మం ముందే బారులు.

ఒక ఏడు ఆయన, "ఎవరి గుడిసె మీద జెండాలెక్కువో వాళ్ల పేరే ముందు" అన్నాడు. అంతే! గట్టంతా గుడ్డపీలికలే. ఆమె కూడా కట్టింది. కట్టకపోతే పొయ్యిలో పిల్లి లేవదు మరి. మరుసటేడు ఆయనకు జెండాలు వెగటయ్యాయి. జెండాలు కట్టినవాళ్లనే వెనక్కి నెట్టాడు. "పదిమంది మెచ్చినవాళ్లే మేలు" అన్నాడు. ఆమె జెండాలు పీకేసి, మెచ్చుకునే నోళ్ల కోసం ఊళ్లు పట్టుకు తిరిగింది. ఏ ఎండకా గొడుగు పట్టడంతోనే పొద్దు గూకేది. ఊబిలో కర్ర వెయ్యడం వారానికొకసారైంది.

"ఊబి మొహం చూడ్డం మానేసి ఆ ముసలాయన మొహం చూస్తావేంటే?" అని మొగుడు కసిరాడు.

"ఊబి మనుషుల్ని పంపదుగా!" అందామె.

మూడో ఏడు పెద్దాయనే కబురు పెట్టాడు. "అమ్మాయ్, నీ దారి ఎలా పోతుందో కాస్త నా చెవిన వెయ్యి. చెప్పినవాళ్ల పేరే ముందు" అన్నాడు. ఆమె మురిసిపోయింది. "ఎండిన మద్దిచెట్టు దగ్గర దిగి, ఏడో రెల్లుపొద దాకా పోయి, ఎడమకు తిరగాలి. అయితే రోజూ కర్రతో..." అంటూ ఉంటే, "పొట్టిగా చెప్పమ్మా, జనానికి ఓపికెక్కడిది?" అన్నాడు. ఆమె ఆ చివరి ముక్క మింగేసింది. అయ్యో, కొంప మునిగింది అక్కడే!

మర్నాటి నుంచి ఆమె గుమ్మం తొక్కినవాడు లేడు. పెద్దాయన ఇప్పుడెవర్నీ ఎవరి దగ్గరికీ పంపడం లేదు. దారి తానే చెప్పేస్తున్నాడు. ఆ పదిమందీ మూటాముల్లె సర్దుకుని పోయారు. ఎవరి కోసం వెయ్యాలని ఆమె కర్రను చూరులో దోపేసింది.

వానలు పడ్డాయి. ఊబి జరిగింది. వాన వెలిసిన మధ్యాహ్నం ఒకతను గబగబా వచ్చి మద్దిచెట్టు దగ్గర దిగబోయాడు. భుజాన కొత్త ఉయ్యాల తాళ్లున్నాయి. ఆవలి ఊళ్లో భార్య ఆడపిల్లను కన్నదట.

"ఆగు నాయనా! అది పాత దారి!"

"పెద్దాయన చెప్పాడమ్మా."

"ఆయనకు చెప్పింది నేనే!"

అతను నవ్వాడు. "ఇంకేం మరి? నీ మాటే వింటున్నాగా."

ఆమె చూరులోంచి కర్ర లాక్కుని పరుగెత్తింది. గట్టు దిగగానే కాళ్లు ఆగిపోయాయి. వానల తర్వాత ఆమె ఊబిలో ఒక్కసారీ కర్ర వెయ్యలేదు. గట్టి నేల ఎక్కడుందో ఆమెకూ తెలియదు. అతను ఏడో పొద దగ్గర ఎడమకు తిరిగాడు. రెండు కేకలు వినిపించాయి. ఆ తర్వాత ఉయ్యాల తాడు కొస ఒక్కటే కాసేపు బురద మీద కనిపించింది.

ఆమె ఏడుస్తూ కూడలికి పోయింది. "నువ్వు చెప్పిన దారిలో మనిషి మునిగిపోయాడయ్యా!"

పెద్దాయనకు కోపం రాలేదు. అరుగు చుట్టూ ఉన్న జనం వైపు తిరిగాడు. "నా మాట విని వెళ్లినవాళ్లు వందలమంది. ఒక్కరన్నా తిరిగొచ్చి, ఆ దారి తప్పు అని చెప్పారా?"

జనం ఆలోచించారు. నిజమే, ఒక్కరూ చెప్పలేదు.

"అసలీవిడెవరు? ఈవిడ పేరు పెద్దాయన నోట ఎప్పుడూ వినలేదే!" అన్నారెవరో.

వరసలో ముందున్న పెళ్లివారు ఊబి దాటే దారి అడిగారు. పెద్దాయన ఆప్యాయంగా చెప్పాడు. ఆమె కర్ర అడ్డం పెడితే, శుభమా అని వెళ్తుంటే ఇదేమిటని పక్కకు తోశారు.

సన్నాయి ముందు, పెళ్లికూతురు వెనక, అందరూ మద్దిచెట్టు వైపు నడిచారు.