నాలుగు రేకుల పువ్వు

ఇద్రీస్‌కి ఆ పువ్వు పేరు తెలియలేదు. ఏడేళ్లుగా ముర్తుజా బాబా దగ్గర వైద్యం నేర్చుకుంటూ ఎడారి మొక్కలన్నిటినీ ఔపోసన పట్టానని చెప్పుకునేవాడికి, ఒక్క పువ్వు దగ్గర నోరు పడిపోయింది.

"పేరు చెప్పు, వెళ్లు" అన్నాడు బాబా.

వెళ్లడమంటే హకీముగా సొంత ఊరికి వెళ్లడం. ఆ ఊళ్లో వైద్యుడు లేకనే ఇద్రీస్ తండ్రి మూడు రోజుల జ్వరానికి పోయాడు. ఒంటెల బిడారు రేపు పొద్దున్నే బయల్దేరుతుంది. మళ్లీ వచ్చేది ఆరు నెలలకి.

మూడేళ్లుగా లేని వాన ఆ ఏడు పడింది. వట్టి ఇసుక దిబ్బ మీద లేత ఊదా పూలు లేచి నిలబడ్డాయి. గాలి వీస్తే దిబ్బే మెల్లగా కదిలి ఎటో పోతున్నట్టుండేది.

ఇద్రీస్ ఒకటి తెంపాడు. నాలుగు రేకులు, ఎదురెదురుగా. లోపల ఆరు కేసరాలు, నాలుగు పొడుగు, రెండు పొట్టి. ఆకు నమిలితే ముక్కుదాకా ఆవఘాటు. ఆవాల కుటుంబమే, సందేహం లేదు. వాడి మొహం వెలిగిపోయింది. అంతలోనే వాడిపోయింది. ఆ కుటుంబంలో అచ్చం ఇలాంటివే రెండున్నాయి. ఒకటి పిల్లల దగ్గు తగ్గిస్తుంది. రెండోది కడుపులో పుండు చేస్తుంది.

ఇంకోటి తెంపి రేకులు విప్పాడు. ఇంకోటి. కాలుగాలిన పిల్లిలా దిబ్బంతా తిరిగాడు. మధ్యాహ్నానికి పూలతో ఒక్క మొక్కే మిగిలింది. దానిమీదా చెయ్యి వెయ్యబోయాడు.

అప్పుడొచ్చాడు బాబా. నాలుగు కర్రలు పాతి, భుజం మీది కంబళి పైన కప్పి ఆ మొక్కకి నీడ కట్టాడు. నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి తెచ్చుకున్న నీళ్లలో సగం దాని మొదట్లో పోసి, పక్కనే కూర్చున్నాడు.

"బాబా, ఆ రెండిటికీ తేడా ఎక్కడుంది?"

"కాయలో. గుండ్రటిదైతే మందు, పొడుగుదైతే పుండు."

ఇద్రీస్ ఒళ్లో ఉన్న పూలకుప్ప చూసుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"కాయ ఎప్పుడు కాస్తుంది?"

"తెంపకపోతే కాస్తుంది."

మర్నాడు బిడారు వెళ్లిపోయింది. ఒంటెల మెడగంటలు దూరమవుతుంటే ఇద్రీస్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే కంబళిని ఎండవైపు జరిపాడు.

రోజులు ఎలా పోయాయో వాడికి గుర్తు లేదు. మేకలొస్తే అదిలించాడు. తన తాగునీళ్లలో కాసిని పోశాడు. ఒక్కోసారి ఇసుకలోనే కునుకు తీస్తే, నిద్రలో కూడా ఊదారంగే కదిలేది. రేకులు ఒకటొకటే రాలాయి.

ఒక ఉదయం, రేకులు రాలిన చోట కందిగింజంత గుండ్రటి కాయ. దగ్గు తగ్గించేదే! పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలిసిందా?" వెనకనుంచి బాబా అడిగాడు.

"తెలిసింది బాబా."

"అయితే తెంపి చూపించు."

ఇద్రీస్ చెయ్యి చాచలేదు.

"గింజ ముదరలేదు బాబా. రాలేదాకా ఉండనివ్వండి" అన్నాడు.

మొక్క పేరేమిటని బాబా అడగనే లేదు. లేచి, బట్టలకంటిన ఇసుక దులుపుకున్నాడు.

"వచ్చే బిడారుకి మూట సర్దుకోండి, హకీం సాబ్" అన్నాడు.