సూదమ్మ చెలమ బుట్ట

ఇసుకవాగు పక్కన ఒక అడవి ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్ళు, నెమళ్ళు, అడవిపందులు, కొండముచ్చులు, ముళ్ళపందులు కలిసిమెలిసి బతికేవి. కలిసిమెలిసి అంటే పోట్లాడుకోకుండా అని కాదు. ఎంత పోట్లాడుకున్నా సాయంత్రానికి అన్నీ ఒకే వాగులో నీళ్ళు తాగేవి.

ఎండాకాలం వస్తే ఆ వాగు ఎండిపోయేది. అప్పుడు ఇసుకలో లోతుగా గొయ్యి తవ్వాలి. అడుగున నీరు ఊరుతుంది. ఆ గొయ్యినే చెలమ అంటారు. తవ్వడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టడం ఒక ఎత్తు. పొద్దున తవ్విన చెలమ మధ్యాహ్నానికి ఒడ్లు జారి పూడిపోయేది. గిట్టలు అరిగేలా తవ్విన దుప్పులు తీరా మూతి పెట్టబోయేసరికి ఇసుక కూలేది.

ఆ అడవిలో సూదమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆ ఏడు చలికాలంలో బండరాయి దొర్లి దాని వెనక కాలు విరిగింది. ఎముక అతుక్కుంది గాని కుంటితనం పోలేదు. దుంపలు దొరికే గుట్టేమో చాలా దూరం. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. రోజూ గుట్టదాకా పోయి రావడం సూదమ్మ వల్ల కావడం లేదు. పిల్లలు అర్ధాకలితోనే ముడుచుకుని పడుకునేవారు.

కూర్చున్నచోటే చేయగలిగే పని ఏదైనా ఉందా అని సూదమ్మ ఆలోచించింది. దాని పళ్ళు వెదురును ఇట్టే చీల్చగలవు. రాలిపడిన ముళ్ళు సూదుల్లా పనికొస్తాయి. అడుగులేని బుట్ట ఒకటి అల్లి చెలమలో దింపితే ఒడ్లు జారవు కదా అనిపించింది.

తన బొరియ వెనక, ఎవరూ రాని మలుపులో చిన్న చెలమ తవ్వి బుట్ట దింపి చూసింది. మొదటి బుట్ట ఇసుక బరువుకు నలిగిపోయింది. రెండోది గట్టిగానే నిలిచింది గాని, సందుల్లోంచి సన్నని ఇసుక కారి చెలమ నిండిపోయింది. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. సూదమ్మకు విసుగొచ్చింది, ఒకరోజు ఏడుపు కూడా వచ్చింది. మర్నాడు మళ్ళీ కూర్చుంది. ఈసారి ఒక బుట్టలో ఇంకో బుట్ట పెట్టి, రెండింటి మధ్యా వట్టివేళ్ళు దట్టంగా కూరింది. ఇసుక ఆగిపోయింది. నీళ్ళు మాత్రం వేళ్ళలోంచి వడకట్టుకుని తేటగా వచ్చాయి. మూడు రోజులైనా చెలమ చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఆ అడవి ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరైనా కొత్త వస్తువు చేస్తే, దాన్ని నలుగురికీ చూపించకముందే ఏనుగు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పుకోవాలి. పెద్దమ్మ ఒకసారి విన్నది మరిచిపోదు. ఆ వస్తువు అంతకుముందు ఎవరూ ఎరగనిదై ఉండాలి, నిజంగా పని చేయాలి. ఎలా చేశారో పూర్తిగా చెప్పాలి. అన్నీ సరిపోతే పెద్దమ్మ మద్దిచెట్టు బెరడు మీద తొండంతో పట్టుకున్న రాయితో ఒక గీత గీస్తుంది. అక్కడినుంచి మూడు వానాకాలాలు గడిచేదాకా, చేసినవాళ్ళను అడగకుండా ఇంకెవరూ ఆ వస్తువు చేయకూడదు. అడిగి చేసుకునేవాళ్ళు బదులుగా ఇంత తిండి ఇవ్వాలి. మూడు వానాకాలాలూ గడిచాక అది అడవిలో అందరిదీ. అయితే ముందే అందరికీ చూపించేస్తే అది కొత్తది కాకుండా పోతుంది. ఇక గీత పడదు.

ఆ మూడో రోజుకు మర్నాడే తొలి చెలమ పండగ. ఏటా ఆ రోజున జంతువులన్నీ వాగులో చేరి మొదటి చెలమ తవ్వుతాయి. సూదమ్మ బొరియ ముందు పాత బుట్ట ఒకటి పడి ఉంది. అటుగా వచ్చిన జంగయ్య దాన్ని చూశాడు. జంగయ్య ఒక కొండముచ్చు. మాటకారి. పని మాత్రం ఎవరైనా చేసి పెట్టాల్సిందే.

"ఇదేంటి సూదమ్మా, చేపలు పడుతున్నావా?" అని అడిగాడు.

సంతోషంలో ఉన్నవాళ్ళ నోరు ఊరుకోదు కదా. "చేపలకు కాదు జంగన్నా. చెలమలో దింపితే ఒడ్లు జారవు" అనేసింది సూదమ్మ.

జంగయ్య కళ్ళు మెరిశాయి. "అబ్బో, రేపు పండగలో అందరి ముందూ చూపించు. నిన్ను నెత్తిన పెట్టుకుంటారు. ఇంత కాలునొప్పితో పెద్దమ్మ దగ్గరికి ఏం పోతావులే" అన్నాడు.

ఆ మాట సూదమ్మకు తియ్యగా తోచింది. అందరూ తనను మెచ్చుకుంటున్నట్టు ఊహించుకుంది. ఇంతలో చిన్నపిల్ల వచ్చి, "అమ్మా, దుంప ఉందా?" అని అడిగింది. మెచ్చుకోళ్ళతో పిల్లల కడుపు నిండదని సూదమ్మకు అప్పుడు తట్టింది. జంగయ్య అటు వెళ్ళగానే ఇది కుంటుకుంటూ ఇటు బయల్దేరింది. సగం రోజు నడిచి పెద్దమ్మ దగ్గరికి చేరింది.

బుట్ట సంగతి అంతా చెప్పింది గాని వట్టివేళ్ళ ఊసు ఎత్తలేదు. పెద్దమ్మ చెవులు ఆడిస్తూ విన్నది.

"బాగుందమ్మాయ్. మరి సందుల్లోంచి సన్న ఇసుక కారదూ?" అని అడిగింది.

సూదమ్మ తల దించుకుంది. "అది కూడా చెప్పేస్తే నాకేం మిగులుతుంది పెద్దమ్మా?"

"చెప్పకపోతే నీ పనితనం నీతోనే పోతుంది. అప్పుడు అడవికేం మిగులుతుంది? నీ వస్తువుకు అడవి కాపలా కాయాలంటే, దేన్ని కాయాలో దానికి తెలియాలి కదా."

 సూదమ్మ భయం భయంగానే వట్టివేళ్ళ సంగతి కూడా చెప్పేసింది. పెద్దమ్మ మద్దిచెట్టు మీద గీత గీసింది.

అవతల జంగయ్య ఊరికే కూర్చోలేదు. తన బంధువుల చేత ఆదరాబాదరా ఒక బుట్ట అల్లించాడు. తెల్లారగానే దుప్పుల దగ్గరికి పోయి, "ఈ వేసవంతా మీ చెలమ పూడకుండా చూసే పూచీ నాది" అని చెప్పి, ఇప్పపూలు, చింతకాయలు ముందుగానే పుచ్చుకున్నాడు. సగం అక్కడే తినేశాడు కూడా.

పండగ మొదలైంది. అందరూ కలిసి చెలమ తవ్వారు. జంగయ్య బుట్ట దింపాడు. ఒడ్లు జారలేదు. జంతువులన్నీ ముక్కున వేలేసుకున్నాయి. జంగయ్య తోక పైకెత్తి అటూ ఇటూ తిరిగాడు.

అప్పుడే పెద్దమ్మ వెంట సూదమ్మ తన బుట్టతో వచ్చింది. చెలమలో దింపి ఉన్న బుట్టను చూసింది. "ఇది నేను కనిపెట్టింది" అంది మెల్లగా.

"నీకు పళ్ళున్నంత మాత్రాన వెదురు బుట్టలన్నీ నీవవుతాయా? నెల రోజులు దీనికోసం తల బద్దలు కొట్టుకున్నాను" అన్నాడు జంగయ్య.

దుప్పులు ఎవరిని నమ్మాలో తెలియక మొహమొహాలు చూసుకున్నాయి. 

పెద్దమ్మ ముందుకొచ్చింది. "సరే జంగయ్యా. సన్న ఇసుక లోపలికి రాకుండా ఏం చేశావో చెప్పు."

"బుట్ట ఉండగా ఇసుక ఎలా వస్తుంది పెద్దమ్మా?" అన్నాడు జంగయ్య ధీమాగా.

"ఒకసారి వెనక్కి తిరిగి చూడు."

జంగయ్య తిరిగి చూశాడు. సందుల్లోంచి ఇసుక సన్నగా కారుతూనే ఉంది. అప్పటికే చెలమ సగం పూడింది. నీరు కనబడకుండా పోయింది. నీళ్ళకోసం వంగిన దుప్పిపిల్ల మూతికి ఇసుక అంటుకుంది.

"నిన్న సూదమ్మ నాకు ఈ బుట్ట గురించి చెప్పుకుంది. రెండు బుట్టలు, వాటి మధ్య వట్టివేళ్ళు. నాలుగుసార్లు ఎందుకు చెడిందో, ఐదోసారి ఎందుకు నిలిచిందో కూడా చెప్పింది. గీత మద్దిచెట్టు మీద ఉంది, పోయి చూసుకోండి" అంది పెద్దమ్మ.

సూదమ్మ తన బుట్ట దింపింది. కాసేపటికి చెలమలో తేటనీరు ఊరింది. దుప్పిపిల్ల కడుపారా తాగింది. అది చూసి సూదమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వట్టివేళ్ళ మాట నిన్న దాచుకుని ఉంటే, ఈరోజు తన బుట్టకూ జంగయ్య బుట్టకూ తేడా చెప్పేవాళ్ళే ఉండేవారు కాదు.

జంగయ్య మిగిలిన ఇప్పపూలు, చింతకాయలు తిరిగి ఇచ్చేశాడు. తినేసినవాటికి బదులుగా పది రోజులు ఎండలో నిలబడి దుప్పులకు చెలమలు తవ్వాడు. చేతులు బొబ్బలెక్కాయి. దారిన పోయే కుందేళ్ళు కూడా నవ్వాయి. పదకొండో రోజున అతను సూదమ్మ బొరియ ముందు నిలబడ్డాడు.

"ఎగువ మలుపుల్లో నీళ్ళకు ఇబ్బందిగా ఉంది సూదమ్మా. నువ్వు అంత దూరం నడవలేవు. నువ్వు సరేనంటే నేను బుట్టలు అల్లి అక్కడ దింపుతాను" అన్నాడు నసుగుతూ.

"ఈ మాటే ఆరోజు అడిగి ఉంటే ఆరోజే సరేననేదాన్ని. బుట్టకు రెండు దుంపలు తెచ్చి ఇవ్వు. వట్టివేళ్ళు ఎలా కూరాలో నేను చూపిస్తాను, కూర్చో" అంది సూదమ్మ.

ఆ వేసవిలో సూదమ్మ గుట్టకు పోలేదు. దుంపలే ఇంటికొచ్చాయి. పిల్లలు బొద్దుగా తయారై, తిన్నది అరగక ఒకరి మీద ఒకరు పడి దొర్లేవారు. సూదమ్మ హాయిగా నిద్రపోయింది.

మూడు వానాకాలాలు గడిచాయి. గీత గడువు తీరింది. ఇక దుంపలు ఎవరూ తేనక్కర్లేదు. అప్పటికి పిల్లలే గుట్టకు పోయి తల్లికి తెచ్చిపెట్టే వయసుకొచ్చారు. ఒకనాడు ఒక ముంగిస, సూదమ్మ చెప్పిన పద్ధతి పెద్దమ్మ దగ్గర విని, దానికి తన ఆలోచన జోడించింది. వేళ్ళ కింద గులకరాళ్ళు పోసి, పెద్ద దుప్పుల మంద అంతా ఒకేసారి తాగేంత వెడల్పు చెలమ కట్టింది. మద్దిచెట్టు మీద దానికో గీత పడింది.

ఆ గీత గీస్తూ పెద్దమ్మ అందరికీ వినబడేలా అంది: "మొదట సూదమ్మ చేసింది. దాని మీద ముంగిస ఇది చేసింది."

ఆ కొత్త చెలమలో అందరికంటే ముందు సూదమ్మ చేత నీళ్ళు తాగించారు.

నీతి: కొత్తది కనిపెట్టినవారు గొప్పకోసం ముందే చాటుకోకుండా, ఏదీ దాచకుండా పద్ధతిగా నమోదు చేయించుకోవాలి, ఇతరులు కనిపెట్టినదాన్ని దొంగిలించేవారికి నగుబాటు, అడిగి వాడుకునేవారికి మేలు.