ఏనుగు తాత కూర్చున్న బండ

"పిల్లలూ, ఫుట్‌బాల్ జట్టు ఓడిపోతే ముందుగా ఎవర్ని ఇంటికి పంపుతారు?"

"మేనేజర్‌ని, అమ్మమ్మా!"

ఔను. ఎవరు ఎక్కడ ఆడాలో నేర్పి, ఆడించే పెద్దను మేనేజర్ అంటారు. అడవిలో జింకల జట్టుకు చాలాకాలం ఏనుగు తాత మేనేజర్. కప్పులన్నీ ఆయన హయాంలో వచ్చినవే. కాళ్లు సహకరించక తప్పుకున్నాడు. అయినా ప్రతి ఆటకూ వచ్చి గట్టు మీది నల్లబండపై కూర్చునేవాడు.

ఆయన తర్వాత గుర్రం వచ్చింది. పరుగెత్తమంది. వరసగా ఓడేసరికి అడవి రాజు సింహం దాన్ని పంపేసింది. ఎలుగుబంటి వచ్చి, కదలకుండా గోల్ కాయమంది. అదీ పోయింది. కొంగ బంతిని గాల్లోనే ఉంచమంది. అదీ నిలవలేదు. చివరికి బంతి కాలికి తగిలితేనే జింకలకు భయం పట్టుకుంది.

వీటన్నిటి వెనకా నక్క ఉంది. జట్టు ఓడిన ప్రతిసారీ గుంపులో నిలబడి, "ఏనుగు తాత ఉంటే ఇలా జరిగేదా?" అని ఊళపెట్టేది. అందరూ బండవైపు తిరిగేవారు. ఏనాటికైనా ఆ పదవి తనకే దక్కుతుందని దాని ఆశ.

ఈసారి ఎద్దు వంతు. ఎద్దు ఆడించినా జట్టు ఓడింది. ఆట అయిపోగానే సింహం దాన్ని మైదానం మధ్యకు పిలిచింది.

"రాజా, జింకలు ఇప్పుడిప్పుడే ఒకదాన్నొకటి చూసుకుని బంతి ఇస్తున్నాయి. ఈ వానాకాలం వెళ్లేదాకా గడువివ్వండి," అంది ఎద్దు.

"గడువా! ఇదేమన్నా నువ్వు దున్నే పొలమా, ఎద్దు బావా?" అంది నక్క. "తాతనే అడుగుదాం. తాతా, అందరూ వినేలా చెప్పు. నువ్వొచ్చిన మొదటి ఏడాది ఎన్ని ఆటలు గెలిచావు?"

ఆ రోజులు చూసినవాళ్లెవరూ అక్కడ లేరు.

"ఒక్కటీ లేదు," అన్నాడు ఏనుగు తాత.

నక్క తోక కిందికి వాలింది.

"నా మీద మట్టిపెళ్లలు విసిరారు. రాజా, అప్పుడు మీ తాతగారు వచ్చి, 'రేపు జింకల్ని పెందలాడే లేపు' అన్నారు. ఇంకేమీ అనలేదు." ఏనుగు తాత మెల్లగా బండ దిగాడు. "ఇక నేనిక్కడ కూర్చోను. మీరు ఆట చూడండి, నన్ను కాదు."

సింహం తల దించుకుంది. "ఎద్దూ, రేపు జింకల్ని పెందలాడే లేపు," అంది.

తర్వాతి ఆటా ఓడారు. నక్క గొంతు చించుకుని ఊళపెట్టింది. ఒక్క తలా తిరగలేదు. ఎద్దు ఒక చిన్న జింక పక్కన నిలబడి, బంతి ఎటు తన్నాలో మళ్లీ మొదట్నుంచి చెబుతోంది.

నేర్పేవాడికి సమయం ఇవ్వనివాళ్ల దగ్గర ఎంత గొప్ప గురువూ నిలవడు. గుర్తుంచుకోండి.

ఇక లేస్తాను. చింతపండు పిక్కలు తీయడం సగంలో ఆపి వచ్చాను.